లెక్క లెఱిగిన దివాను: మొదటి సాలారుజంగు

నేటి దినములలో గణకవిద్య నభ్యసింపగోరు విద్యార్థికి మార్గములు పెక్కులు కలవు. వాణిజ్యశాస్త్రమున పట్టము పొంది, ఆపై ఉన్నత పట్టమునకై వరంగల్లున 1976 లో వెలసిన కాకతీయ విశ్వవిద్యాలయమువంటి సంస్థలలో చేరవచ్చును. లేదా 1949 నాటి శాసనము ననుసరించి ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థవారి పరీక్షలకు కూర్చుండవచ్చును. ఈ రెండవ మార్గమున పుస్తకములు చదివినంతమాత్రమున చాలదు. అనుభవజ్ఞుడగు ఆడిటరు కడ కొంతకాలము శిష్యరికము చేసి, చిట్టాలు, ఆవర్జాలు స్వయముగా తిరుగవేసి చూడవలయును. సుమారు 175 ఏండ్ల క్రిందట మన ప్రాంతమున ఇట్టి కళాశాలలు లేవు, పరీక్షలును లేవు. అయినను ఒక యువకుడు ఖమ్మముమెట్టు కచేరిలో జమాఖర్చుల దస్తరముల నడుమ కూర్చుండి ఈ విద్య నేర్చుకొనెను. ఆ విద్యయే పిమ్మట అప్పులలో మునిగిన ఒక పెద్ద రాజ్యమును గట్టెక్కించుట కుపకరించినది. ఆ యువకుడే చరిత్రలో మొదటి సాలారుజంగుగా ప్రసిద్ధి కెక్కెను.

సాలారుజంగు అనునది బిరుదము. ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాను. 1829 వ సంవత్సరమున జన్మించెను. నిజాము కొలువున దివానుగిరి నిర్వహించిన మీర్ ఆలం, మునీరుల్ముల్కు మున్నగువారు ఆయన పూర్వులు. హైదరాబాదున నేటికిని కనుపించు మీరాలం చెఱువు ఆ మీర్ ఆలం పేర వెలసినదే. వంశము గొప్పదైనను బాల్యము సుఖప్రదముగా నడువలేదు. పసితనముననే తండ్రి గతించెను. పిదప తాతయు కన్నుమూసెను. తండ్రి సోదరుడగు సిరాజుల్ముల్కు ఆ బాలుని పెంపకము వహించెను. నాటి ప్రభువర్గపు పిల్లలవలెనే తురాబ్ అలీయు పారసీ, అరబ్బీ భాషలు చదివెను, గుఱ్ఱపుస్వారి నేర్చెను, కొంత ఆంగ్లమునందును ప్రవేశము గడించెను. ఇందులో విశేషమేమియు లేదు. విశేషము ఖమ్మమున మొదలైనది.

1847-48 ప్రాంతమున, ఇరువదియేండ్లైనను నిండకమునుపే, తురాబ్ అలీకి ఖమ్మముమెట్టు తాలూకుదారు పదవి లభించెను. ఖమ్మము 1953 వరకు వరంగల్లు జిల్లాలోని భాగమే యను సంగతి విద్యార్థులు గుర్తుంచుకొనదగును. ఆయనకు ముందు డైటన్ అను ఆంగ్లేయుడు నిజాము కొలువున ఆ ప్రాంతపు వసూళ్లను చూచుచుండెను. ఆతడు నెలకొల్పిపోయిన లెక్కల పద్ధతి కచేరిలో ఇంకను నిలిచియుండెను. యువకుడగు తాలూకుదారు ఆ పద్ధతిని శ్రద్ధతో పరిశీలించెను. ఒక గ్రామమున సాగుభూమి యెంత, దానిపై రావలసిన సిస్తు ఎంత, వచ్చిన దెంత, నిలిచిన బాకీ యెంత, వచ్చిన సొమ్ము ఎవరి చేతులనుండి ఎచ్చటికి పోయినది? పట్వారీ వ్రాసిన లెక్కనుండి తాలూకా లెక్కవరకు ఈ ప్రశ్నలకు జవాబు దొరకుచుండవలయును. ఎచ్చట జవాబు దొరకదో అచ్చట సొమ్ము మాయమైనదని తెలియవలయును. గణకవిద్యకు ప్రాణమంతయు ఇదియే. ఆయన ఖమ్మమున నున్నది ఏడాదియైనను కాదు. కాని నేర్వదలచినవానికి ఆ కాలమే చాలినది.

ఆ విద్య ఏల అంత అరుదైనదో తెలిసికొనుటకు నాటి రాజ్యస్థితిని కొంత చూడవలయును. ఆ దినములలో తాలూకుదారనగా నేటి కలెక్టరువలె జీతము తీసికొను ఉద్యోగి కాడు, పెక్కుచోట్ల గుత్తదారు. ప్రభుత్వమునకు ఇంత సొమ్ము చెల్లింతునని ఒప్పుకొని, రైతులకడ తనకు చేతనైనంత రాబట్టుకొనుచుండెడివాడు. మఱియొకడు ఎక్కువ సొమ్మునకు పాడుకొన్న యెడల తాలూకా వాని పరమగుచుండెను. రేపు ఉండునో ఊడునో తెలియని గుత్తదారు చెఱువు గట్టు తెగినను పట్టించుకొనునా? రైతు ఊరు విడిచి పోయినను వగచునా? వాని కన్ను ఈ యేటి వసూలుమీదనే యుండెను. ఇట్టి చోట సరియైన లెక్క వ్రాయుట వానికి నష్టము, వ్రాయకుండుట లాభము.

ఖజానా సంగతి ఇంకను హీనము. వెనుక పామరు కంపెనీ యను వడ్డీవ్యాపారుల సంస్థ నిజాము ప్రభుత్వమునకు మితిమీఱిన వడ్డీలపై అప్పు లిచ్చియుండెను. ఆ ఋణము తీర్చుటకై 1823 లో ఉత్తర సర్కారులనుండి ఏటేట రావలసిన 7 లక్షల రూపాయల పేష్కషును శాశ్వతముగా వదలుకొని, అందులకు బదులుగా ఆంగ్లేయులనుండి ఒక్కమాఱుగా కోటి 16 లక్షలకు పైబడిన సొమ్ము తీసికొనవలసివచ్చినది. ఏటేట ఫలమిచ్చు చెట్టును నఱకి వంటచెఱకుగా అమ్ముకొనుట యనిన ఇదియే. అంతటితోనైనను అప్పులు తీరలేదు. ఆంగ్లేయాధికారుల చేతిక్రింద నుండు హైదరాబాదు కంటింజెంటు సైన్యమునకు నిజాము జీతములు చెల్లింపవలసియుండెను. ఆ బాకీలు పెరిగి పెరిగి కొండయైనవి. తుదకు 1853 మే 21 న ఒక సంధి జరిగెను. బీరారు, రాయచూరు దోఆబు, ధారాశివ ప్రాంతములు ఆ సైన్యపు ఖర్చునిమిత్తము ఆంగ్లేయుల వశమయ్యెను. అప్పటి దివాను సిరాజుల్ముల్కు ఆ సంధి జరిగిన కొలది దినములలోనే మరణించెను. మే 31 న నాసిరుద్దౌలా నిజాము ఆ పదవిని 24 ఏండ్ల తురాబ్ అలీ కొసగెను.

ఆయన ఈ పదవిని కోరి వేడలేదు. పినతనముననుండి చూచుచుండిన కుటుంబపు జాగీరుల వ్యవహారములతోనే తృప్తినొంది యుండగోరెను. ఆ కోరికలో ఆశ్చర్యమేమున్నది? సైనికులకు జీతములు లేవు. జిల్లాలు షాహుకారులకు, అరబ్బు జమేదారులకు తనఖాలోనున్నవి. ఆ జమేదారులు తమ బాకీదారులను తమ యిండ్లలోనే చెఱపెట్టుచుండిరి. ప్రభుత్వమునకు ఎంత రాబడియో, ఎవరి కెంత ఇవ్వవలసియున్నదో నమ్మదగిన లెక్క ఒక్కటియు లేదు. ఇట్టి గృహమున యజమానిగా నడుగిడుట ఎవరికి ప్రీతి?

కొత్త దివాను మొదట చేసిన పని కత్తి దూయుట కాదు, కాగితములు విప్పుట. ఎవరు ఏ జిల్లాను ఎంత సొమ్మునకై పట్టుకొనియున్నారు, ఆ జిల్లానుండి ఇంతవరకు వారు తిన్నదెంత, నిజముగా మిగిలిన బాకీ యెంత యని విచారణకు గడంగెను. లెక్క తేలినచోట అప్పు తీర్చు ఏర్పాటు చేసి భూమిని విడిపించెను. తేలనిచోట వాదించెను. ఋణదాతలందఱును దుష్టులు కారు. పెక్కురు న్యాయముగా అప్పిచ్చి వడ్డీ రాక నష్టపడినవారే. ప్రభుత్వము మాట ఇచ్చినయెడల గడువునాటికి చెల్లించునను నమ్మకము వారికి కలిగినపుడు, తొందరపెట్టుట తగ్గినది. ఈ నమ్మకమునే వర్తకులు పరపతి యందురు. రాజ్యమునకు కోటలు, ఫిరంగులకంటె పరపతి తక్కువ బలము కాదు. తాలూకాలను ఒక్కొక్కటిగా గుత్తదారుల చేతినుండి తప్పించి, జీతముపై పనిచేయువారికి అప్పగించెను. సొమ్ము వారివారి యిండ్లకు పోక నేరుగా ఖజానాకు చేరునట్లు చేసెను. ఇది ఒక యేటిలో ముగిసిన పని కాదు. దానికి పదియేండ్లకు మించి పట్టినది.

నాణెముల సంగతి వినుడు. ఆ కాలమున రాజధానిలోనే కాక గద్వాల, వనపర్తి, నారాయణపేట వంటి సంస్థానములందును టంకసాల లుండెను. రూపాయి యనిన అందఱకు ఒక్కటియే యని మనము తలంతుము. నాడు అట్లు గాదు. ఒక చోటి రూపాయికి వేఱొక చోట బట్టా కట్టి తీసికొనుచుండిరి. వేఱువేఱు కొలకుంచములతో ధాన్యము కొలిచి ఒకే రాశిగా లెక్కించుట యెట్టిదో, వేఱువేఱు రూపాయలతో జమాఖర్చు వ్రాయుట అట్టిది. సాలారుజంగు కాలమున హాలీసిక్కా యను రూపాయి రాజధాని టంకసాలనుండి వెలువడి ప్రభుత్వ నాణెముగా స్థిరపడినది. ఖజానా లెక్క కప్పుడు ఒక గట్టి కొలత దొరకినది.

ఇంతలో 1857 వచ్చినది. ఆ సంవత్సరమే నాసిరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా నిజామయ్యెను. ఉత్తరదేశపు తిరుగుబాటు వార్తలు నగరమున కార్చిచ్చువలె వ్యాపించెను. జూలై 17 న తుఱ్ఱేబాజుఖాను, మౌల్వీ అలాఉద్దీను నాయకత్వమున జనులు రెసిడెన్సీపై దాడి చేసిరి. దివాను ఆంగ్లేయుల పక్షము వహించెను. దాడి విఫలమయ్యెను. తుఱ్ఱేబాజుఖాను ప్రాణములు గోల్పోయెను. అలాఉద్దీను అండమాను దీవులకు పంపబడెను. దేశస్వాతంత్ర్యమునకై ప్రాణమిచ్చినవారిని తలచునపుడు సాలారుజంగు చేసిన ఈ పని మనకు నొప్పి కలిగించును. రాజ్యము నిలుపుకొనుటకు వేఱుదారి లేదని ఆయన తలచెనని కొందఱు సమర్థింతురు. ఆయన సమకాలికులు పెక్కుమంది మాత్రము క్షమింపలేదు. 1859 లో రెసిడెంటుతో కలిసి దర్బారునుండి వచ్చుచుండగా ఒకడు తుపాకి ప్రేల్చెను. దివాను బ్రదికెను. 1868 లో మఱల ఆయనపై హత్యాప్రయత్నము జరిగినది. అప్పుడును ఆయుర్దాయము గట్టిదయ్యెను.

ఆంగ్లేయుల కృతజ్ఞత ఎంతవఱకు పోయినదో 1860 నాటి సంధిలో చూడవచ్చును. నిజాము బాకీపడిన 50 లక్షల రూపాయలు రద్దయ్యెను. రాయచూరు, ధారాశివ ప్రాంతములు తిరిగివచ్చెను. గోదావరి యెడమతీరపు ప్రాంతములు, మన భద్రాచలముతో సహా, ఆంగ్లేయులకు పోయెను. బీరారు వారికడనే నిలిచెను. ఇవి అందఱును చెప్పుకొను విషయములు. గణకవిద్య తెలిసినవాడు ఆగి చదువవలసిన షరతు ఒకటి కలదు. 1853 నాటి సంధి ప్రకారము ఆంగ్లేయులు తమ చేతనున్న జిల్లాల ఆదాయవ్యయముల లెక్కను ఏటేట నిజామునకు చూపి, సైన్యపు ఖర్చుపోగా మిగిలిన సొమ్ము ఇచ్చివేయవలయును. 1860 నాటి సంధిలో మిగులు ఇచ్చు మాట అట్లే నిలిచినది. లెక్క చూపు మాట మాత్రము ఎగిరిపోయినది. జరిగినకాలపు లెక్కగాని, జరుగుచున్నకాలపు లెక్కగాని, జరుగబోవుకాలపు లెక్కగాని అడుగనని నిజాము ఒప్పుకొనవలసివచ్చెను.

విద్యార్థులు ఈ షరతును కొంచె మాలోచింపుడు. కౌలుదారు పొలము దున్నుకొని, ఖర్చులుపోగా మిగిలినది ఇత్తునని చెప్పును. కాని ఎంత పండినది, ఎంత ఖర్చయినది అడుగరాదనును. అట్టి మిగులు ఎంతయుండును? కౌలుదారు దయ యెంతయో అంతయే. గ్రామ పట్వారీనుండి సైతము లెక్క రాబట్టుటకు పూనుకొనిన దివాను, తన రాజ్యపు మిక్కిలి సారవంతమైన ప్రాంతమునకు లెక్క అడుగు హక్కు పోవుచుండగా చూచి యూరకుండవలసివచ్చెను. అరకోటి ఋణము రద్దగుట చిన్న లాభము గాదు. అయినను ఆ బేరమున ఏ పళ్లెము దిగినదో చెప్పుట కష్టము కాదు.

చేజారినదానికై వగచుచు ఆయన కూర్చుండలేదు. 1864 లో మాలుగుజారీ వ్యవహారములకు ఒక సభ నేర్పఱచెను. 1865 లో జిలాబందీ జరిగెను. రాజ్యమంతయు సుబాలుగను, జిల్లాలుగను, తాలూకాలుగను విభజింపబడినది. సుబాకు సుబేదారు, జిల్లాకు అవ్వల్ తాలూకుదారు, తాలూకాకు తహసీలుదారు ఏర్పడిరి. అందఱును జీతగాండ్రే. గుత్తదారుల తాలూకుదారీ పోయి ఉద్యోగుల తాలూకుదారీ వచ్చినది. పేరొక్కటే, పని వేఱు. వరంగల్లు ఒక సుబాకు ముఖ్యస్థానమై పెక్కేండ్లు నిలిచినది. తెలంగాణమున మాగాణి పంటను రాశిమీద పంచుకొను బటాయి పద్ధతి క్రమముగా తొలగి, సిస్తును నగదుగా చెల్లించు పద్ధతి వచ్చినది. లెక్కలకు ఇది సుగమము. రైతుకు మాత్రము అన్నివేళల సుఖము కాలేదు. ధాన్యపు ధర పడిపోయిన యేట అంతే రూకలు చెల్లించుటకు అతడు వడ్డీవ్యాపారి గడప ద్రొక్కవలసివచ్చెను. చక్కని లెక్కపుస్తకమున ఈ కన్నీరు కనుపింపదు.

ఈ సంస్కరణలన్నియు చేయుచున్న దివాను స్వయముగా ఎంత స్వేచ్ఛ గలవాడో తెలిసినచో మీరు విస్తుపోవుదురు. అఫ్జలుద్దౌలాకు దివానుపై అనుమానము మెండు. నిజాము అనుమతి లేనిదే ఆయన నగరము దాటరాదు. రెసిడెంటును కలియుటకు సైతము సెలవు పొందవలయును. జిల్లాల రూపురేఖలు మార్చిన మనిషి ఆ జిల్లాలను కన్నులార చూచుటకు నోచుకొనక, తన దేవిడీలో కూర్చుండి కాగితములమీదనే వానిని చూచెను. ఖమ్మమున లెక్కలు చదువ నేర్చుకొనియుండనిచో ఈ పని ఆయనకు సాధ్యమై యుండెడిది కాదని నా యభిప్రాయము. దూరమున నున్న ఊరి సంగతి లెక్కపుస్తకము చదువగలవానికి తెలియును. చదువలేనివానికి ప్రక్కయింటి సంగతియు తెలియదు.

జీతముపై పనిచేయుటకు చదువుకొన్నవారు కావలయును గదా! అందులకై ఆయన విద్యాలయములు నెలకొల్పెను. దారుల్ఉలూము వానిలో మొదటిది. చాదరుఘాటు పాఠశాల పిమ్మటి కాలమున నిజాము కళాశాల రూపొందుటకు తోడ్పడినది. వీనినుండి తగినంతమంది వెలువడువరకు ఆగక, ఉత్తర హిందూస్థానమునుండి సమర్థులను రప్పించెను. 1874 లో వచ్చిన మెహదీ అలీ అట్టివాడే. మొహిసినుల్ముల్కు అను బిరుదముతో ఆయన ప్రసిద్ధుడయ్యెను. పని త్వరితముగా సాగినది. కాని పెద్ద ఉద్యోగములన్నియు పైవారి పాలగుచున్నవని ఈ నేలవారికి కష్టము తోచెను. ముల్కీలు, గైరుముల్కీలు అను వివాదమునకు నాట్లు పడినది ఆ దినములలోనే.

1869 లో అఫ్జలుద్దౌలా మరణించెను. కుమారుడు మహబూబ్ అలీఖానుకు మూడేండ్లైనను నిండలేదు. సాలారుజంగు మఱియొక ప్రభువుతో కలిసి రాజప్రతినిధిగా పాలనము వహించెను. చేతులకు కట్టు వదలినది. ఆయన మొదట తలచుకొనినది బీరారును. కంటింజెంటు సైన్యపు ఖర్చునకు భూమి యేల? దానికి సరిపడు మూలధనమును పూచీగా ఉంచుదుము, భూమి మాకిండని ప్రతిపాదించెను. ఇరువదియేండ్ల క్రిందట నెలజీతములు చెల్లింపలేని రాజ్యము అంత ధనము పూచీ పెట్టగలిగినదనిన, ఆయన చేసిన కృషి యెట్టిదో వేఱుగ చెప్పనేల? ఆంగ్లేయులు అంగీకరింపలేదు. ఈ పట్టుదలవలన ఒకప్పుడు ఆయనను రక్షకుడని పొగడినవారే పిమ్మట అనుమానముతో చూడసాగిరి.

1876 లో ఆయన ఐరోపాఖండమునకు ప్రయాణమయ్యెను. పారిసునగరమున మెట్లపై కాలుజాఱి తొడయెముక విరిగెను. అట్లే ఇంగ్లండునకు పోయెను. విక్టోరియా రాణి దర్శనమిచ్చెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము గౌరవపూర్వకముగా ధర్మశాస్త్రమున డాక్టరు పట్టము నొసగెను. కళాశాల గడప త్రొక్కని తాలూకుదారునకు ఆ విధముగా పట్టము లభించినది. బీరారు సంగతి మాత్రము అచ్చటను తేలలేదు. రోమునగరమున ఆయన కొనితెచ్చిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి ప్రతిమను హైదరాబాదు సాలారుజంగు వస్తుప్రదర్శనశాలలో మీలో కొందఱు చూచియుందురు. ఆ ప్రదర్శనశాలలోని వస్తువులలో పెక్కింటిని సేకరించినది మాత్రము ఆయన కాదు. మూడవ సాలారుజంగుగా పేరొందిన ఆయన మనుమడు యూసుఫ్ అలీఖాను. ఈ రెండు పేర్లను కలిపివేయువారు పెక్కుమంది కలరు.

తిరిగివచ్చిన పిమ్మట ఆయన బ్రదికినది ఏడేండ్లకు లోపే. 1874 లో వాడీనుండి హైదరాబాదునకు వచ్చిన ఇనుపదారిని తూర్పునకు సాగింపవలయునను ఆలోచన ఆయన కాలముననే కలదు. రైలుబండి వరంగల్లు చేరినది 1886 లో. బెజవాడ చేరినది 1889 లో. ఆయన దానిని చూడలేదు. 1883 ఫిబ్రవరిలో ఐరోపానుండి వచ్చిన ఒక అతిథి గౌరవార్థము మీరాలం చెఱువులో నౌకావిహారము జరిగెను. ఆ వెంటనే ఆయనకు విషూచి సోకినది. ఫిబ్రవరి 8 న, 54 వ యేట, మరణించెను. 30 ఏండ్లు మువ్వురు నిజాముల కాలమున దివానుగా నుండిన ఆయన దేహమును దాయిరా మీర్ మోమినులో ఖననము చేసిరి.

బీరారు లెక్క అట్లే నిలిచిపోయెను. 1902 లో మహబూబ్ అలీఖాను ఏటికి 25 లక్షల రూపాయల కౌలుపై ఆ ప్రాంతమును శాశ్వతముగా ఆంగ్లేయులకు వ్రాసియిచ్చెను. అప్పటికి సాలారుజంగు గతించి 19 ఏండ్లయినది.